నలభయ్యో రోజు కాగితం

"మెల్లగా కలుపు, గోధుమలు చితికిపోతాయి. మీ అమ్మయితే ఒక్క గింజ చితకనిచ్చేది కాదు," అన్నాడు రూమెన్, కుర్చీలోంచి లేవకుండానే. పాతికేళ్ల కాపురంలో నా మొగుడు గరిట ముట్టిన పాపాన పోలేదు గానీ, వంకలు పెట్టడంలో మాత్రం దిట్ట.

రేపటికి అమ్మ పోయి నలభయ్యో రోజు. ఉడికిన గోధుమల్లో చక్కెర, అక్రోట్లు కలిపి సమాధి దగ్గర పంచాలి. ఇంటి గేటుకీ, బస్‌స్టాపుకీ, సారా కొట్టు తలుపుకీ అమ్మ ఫోటోతో కొత్త కాగితం అంటించాలి. మా బల్గేరియా పల్లెల్లో చావు కాగితం లేని గోడ ఉండదు. పోయిన రోజు కాగితం అన్నయ్య డోబ్రి వేయించాడు. తన పెళ్లి ఫోటోలోంచి అమ్మను కత్తిరించాడు. ఆవిడ భుజం మీద నాన్న నాలుగు వేళ్లు అలాగే మిగిలిపోయాయి. కింద "గెంచో భార్య, డోబ్రి తల్లి. ఏనాడూ ఎవరికీ ఎదురు చెప్పలేదు" అని రాయించాడు. పేరు మాత్రం అడుగున ఎక్కడో, చీమ తలకాయంత.

ఎదురు చెప్పలేదట! చెప్పనిస్తే కదా. నలభై ఏళ్లు ఊరి బేకరీలో పిండి పిసికింది. ఆ చేతులతోనే ఇంటికొచ్చి నాన్నకు వంట చేసింది. తిట్టుకునేది, నా ఒక్కదాని ముందే. "ఇదుగో, ఈ ముద్ద మీ నాయనమ్మ" అని పిండిని బల్లకేసి కొట్టి పకపకా నవ్వేది. ఆ తిట్లు వింటూనే పెరిగాను. అవి ఏనాడూ వినని వాళ్లు ఇప్పుడు ఆమెను నోరులేని మనిషని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. మా ఊళ్లో పెళ్లయిన ఆడదాన్ని మొగుడి పేరుతోనే పిలుస్తారు. అరవై ఏళ్లు అమ్మ గెంచో పెళ్లామే.

నేను వేయించిన కాగితం బల్ల మీద రూమెన్ కంటబడింది. అందులో అమ్మ బేకరీ టోపీ పెట్టుకుని, మోచేతుల దాకా పిండితో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. "త్సోనా. ఊరికి రొట్టె పెట్టింది. అలసిపోయింది. కోపం వచ్చేది. ఆ కోపం నాకిచ్చి వెళ్లింది. కూతురు నెవేనా."

"చావు కాగితం మీద ఇకిలింపులా? ఊరంతా నవ్వుతుంది. మీ అన్న నిన్ను గడప తొక్కనివ్వడు."

"నవ్వనీ. అమ్మా నవ్వుతోందిగా. ఇదిగో, గరిట పట్టు. ఒక్క గింజ చితికిందో, చూసుకో."

జిగురు డబ్బా పట్టుకుని బస్‌స్టాపుకి వెళ్లాను. అన్నయ్య కాగితం మీద, నాన్న వేళ్ల మీద జిగురు పూస్తుంటే ఏడుపు తన్నుకొచ్చింది. నలభై రోజుల్లో అదే మొదటిసారి.

బస్సు కోసం కూర్చున్న పక్కింటి ముసలావిడ, పెట్కో పెళ్లాం, లేచొచ్చి పెదాలు కదుపుతూ చదివింది. "మీ అన్న నిన్ను చంపుతాడే," అంది. కాగితం అంచును బొటనవేలితో నొక్కి, "నాకూ ఒకటి రాసిపెట్టు," అంది.

"నీకేం తొందర పిన్నీ, నూరేళ్లు బతుకుతావు."

"చచ్చాక అంటిస్తే నేనెలా చదువుకుంటానే? ఇప్పుడే రాయి. ముందు పేరు రాయి. దేష్కా. సారా కొట్లో కూర్చున్న పెట్కోకి కనబడేంత పెద్దగా."