సోలెడు తవుడు

మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజుల్లో, తొంభై తొమ్మిదో సంవత్సరంలో, నార్వే నుంచి ముగ్గురు మనుషులు వినుకొండ శివారులో ఉన్న అనాథ పిల్లల ఇంటికి వచ్చారు. భర్త పేరు ఆర్నె, భార్య పేరు ఇంగ్రిడ్, పదేళ్ళ కూతురు మారిట్. అక్కడ పెరుగుతున్న నాలుగేళ్ళ రమ్యను తమ పిల్లగా తీసుకుపోవడానికి అంతదూరం నుంచి వచ్చారు. కోర్టు పని అయిపోయింది. పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఐదు రోజులు అక్కడే చుట్టాల గదిలో ఉండి, పిల్లను మచ్చిక చేసుకుని, ఆరోనాడు పొద్దున కారులో హైదరాబాదు వెళ్ళి విమానం ఎక్కాలి.

అన్నీ కుదిరాయి గానీ అసలుది కుదరలేదు. రమ్య వాళ్ళ దగ్గరికి పోవడంలేదు. ఇంగ్రిడ్ బొమ్మ చూపిస్తే బొమ్మ తీసుకుని వచ్చి కోటేశ్వరి వెనక నిలబడేది.

కోటేశ్వరి ఆ ఇంట్లో ఆయాలందరిలోకీ చిన్నది. పక్క ఊరి బళ్ళో పదో తరగతి దాకా చదివి, పద్దెనిమిదో ఏట అక్కడ పనిలో చేరింది. చేరిన నెలలోనే మూడు నెలల రమ్యను ఎవరో తెచ్చి ఆమె చేతుల్లో పెట్టారు. ఆమెకి మాట తక్కువ, చూపు ఎక్కువ. ఈ ఐదు రోజులూ ఆమె చూడదలుచుకున్నది ఒక్కటే. కన్నవాళ్ళు కాని మనుషులు, భాష తెలియని మనుషులు, ఒక పిల్లకి సొంతవాళ్ళు ఎలా అవుతారు? ఏ రోజు, ఏ గంటకి అవుతారు?

చూడాలన్న కోరికతో పాటు భయం కూడా ఉంది. ఆ ఇంటికో పద్ధతి ఉంది. పిల్ల వెళ్ళే పొద్దున పెంచిన ఆయా కనిపించకూడదు. కనిపిస్తే పిల్ల కదలదని పెద్దావిడ సుబ్బరావమ్మగారి నమ్మకం. నిరుడు రెండేళ్ళ పిల్లనొకదాన్ని పంపేటప్పుడు కోటేశ్వరి గేదెల దాణా ఉండే గదిలో తలుపేసుకుని కూర్చుంది. ఆ పిల్ల ఏడుపు కారుతో పాటు కదిలి, రోడ్డెక్కి, తూము దాటేదాకా వినిపించింది. ఆ తరవాత చాలా రోజులు కోటేశ్వరికి తూము వైపు చూడబుద్ధి కాలేదు. రమ్య అలా పోకూడదు. ఆమె కోరుకున్నది అంతే.

మొదటి రెండు రోజులూ ఆమె వచ్చినవాళ్ళని గమనిస్తూ ఉంది. ఆర్నె తాటిచెట్టంత మనిషి. పూటకోసారి ద్వారబంధానికి తల కొట్టుకుని, ఆ ద్వారబంధానికే దండం పెట్టినట్టు వంగి పోయేవాడు. ఇంగ్రిడ్‌కి నేలమీద బాసింపట్టు వేయడం చేతకాదు. కాళ్ళు రెండూ ఒక పక్కకి మడిచి, తిమ్మిరెక్కినా లేవకుండా, పిల్లల మధ్య గంటలు గంటలు కూర్చునేది. వంటామె ఖుర్షిదా కారం తగ్గించి, తగ్గించి, చివరికి ఉత్త పప్పు చేసి పెట్టినా వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. మూడు పూటలూ తమ ఊరి నుంచి తెచ్చుకున్న నీలం డబ్బాలోంచి పొట్టులాంటిదేదో తీసి, వేణ్ణీళ్ళలో కలుపుకుని తిన్నారు. ఖుర్షిదా ఒక చిటికెడు తీసి అరచేతిలో నలిపి చూసింది.

"ఏడు సముద్రాలు దాటొచ్చి తవుడు తింటన్నారే వీళ్ళు," అంది ఆయాలతో. "మన గేదె చూసిందంటే వాటా అడుగుద్ది."

మూడోనాడు మారిట్ గోడవతల దానయ్య మిరప కళ్ళంలోకి వెళ్ళింది. ఎకరం మేర ఎర్రగా పరిచి ఉంటే ఆ పిల్లకి పూలలా కనిపించాయో ఏమో, రెండు చేతులా తీసి ఎగరేసింది. తరవాత ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. కేక విని కోటేశ్వరి పరుగెత్తేసరికి రమ్య ముందే అక్కడ ఉంది. మారిట్ పసుపుపచ్చ జడ పట్టుకుని కిందికి లాగి, ఆ జడకొసను తీసి ఆ పిల్ల నోట్లోనే కుక్కుతోంది.

కంట్లో కారం పడితే జడకొస నోట్లో పెట్టుకోవాలని ఆ పక్క ఎవరినడిగినా చెబుతారు. మారిట్‌కి చెప్పినవాళ్ళు లేరు. అయినా ఆ పిల్ల ఉమ్మేయలేదు. సొంత జడ కొరుకుతూ, కన్నీళ్ళు కారుస్తూ, రమ్య మొహంలోకి చూస్తూ నిలబడింది. రమ్య బుగ్గలు పూరించి ఆ కళ్ళలోకి ఉఫ్ ఉఫ్ అని ఊదింది. కోటేశ్వరి చన్నీళ్ళు తెచ్చి కడిగింది గానీ, మంట తగ్గించిన గొప్ప రమ్య ఎవరికీ వదిలిపెట్టలేదు. ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ కలిసే తిరిగారు. నాలుగోనాటికి రమ్య ఇంగ్రిడ్ ఒళ్ళో సగం కూర్చుని, సగం లేచి, మళ్ళీ కూర్చుంది. హమ్మయ్య అనుకుంది కోటేశ్వరి.

పని చెడగొట్టింది ఆమే, ఆ రాత్రి అన్నాలప్పుడు.

రమ్యకి రోజూ ఒకటే కథ కావాలి. ఆ కథ కోటేశ్వరిదే. ఆమెకి ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. అందుకని ఈమె పుట్టగానే చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటి జహీరున్నీసా ఏమీ ఎరగనట్టు అటు వచ్చి, చాట ఎత్తుకుని, నాకో పిల్ల దొరికింది కొంటారా అని గుమ్మంలో నిలబడింది. తల్లి సోలెడు తవుడు పోసి కొనుక్కుంది. జహీరున్నీసా ఆ తవుడు తన మేకకి పెట్టేసింది. కోటేశ్వరి అన్న పేరు బడికి మాత్రమే. ఇంట్లో ఈనాటికీ ఆమె తవుడమ్మే.

"ఎందుకు కొన్నారక్కా?" రోజూ అడిగే ప్రశ్నే అడిగింది రమ్య.

"ఊరికే వచ్చింది నిలవదంట. కొనుక్కున్నది నిలుస్తుందంట," అంది కోటేశ్వరి. రోజూ చెప్పే జవాబే అది, నోట్లోంచి దానంతటది వచ్చేసింది. ముద్ద కలుపుతూ పిల్ల మొహం చూడలేదు.

ఐదోనాడు రమ్య మళ్ళీ మొదటికొచ్చింది. ఇంగ్రిడ్ చేయి చాపితే వెనక్కి జరిగింది. మారిట్ పిలిస్తే పలకలేదు. మధ్యాహ్నం కోటేశ్వరి పక్కకి తీసుకుపోయి బుజ్జగించి అడిగితే అప్పుడు చెప్పింది.

"వాళ్ళు నన్ను కొనలేదుగా. ఊరికే తీసుకుపోతన్నారు. నేను నిలవను."

అది పాతకాలపు మాట, అలా ఏమీ కాదు అని చెప్పబోయింది కోటేశ్వరి. అయితే అక్క ఎలా నిలిచింది అని పిల్ల అడిగేసరికి లేచి పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. సుబ్బరావమ్మగారితో జరిగింది చెప్పింది. చాటా సోలెడు తవుడూ ఇప్పిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుందండి అంది. ఆవిడ లేచి వెళ్ళి గది తలుపేసి వచ్చింది. పిల్లని ఇచ్చినందుకు ఒక్క రూపాయి తీసుకోలేదని పదిహేడు కాగితాల మీద సంతకాలు పెట్టామనీ, కొనడం అనే మాట గేటు అవతల వినపడితే ఈ ఇల్లు మూతపడుతుందనీ, రేపు పొద్దున దాణా గది దాటి బయటికి రావద్దనీ గొంతు తగ్గించి చెప్పింది. ఆవిడ చెప్పింది అబద్ధమేమీ కాదు. కోటేశ్వరి తల ఊపి వచ్చేసింది.

ఆరోనాడు కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. కోటేశ్వరి దాణా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. తవుడు బస్తా, తెలకపిండి, గోడకి ఆనించిన చాటలు. బయట రమ్యా, రమ్యా అని పిలుస్తున్నారు. గొంతులు వరండా చివరికి వెళ్ళాయి, వెనక్కొచ్చాయి. పిల్ల కనబడలేదని ఆమెకి అర్థమయ్యేలోపు తలుపు కిర్రుమంది.

దాగుడుమూతల్లో కోటేశ్వరి ఎప్పుడూ దాక్కునే చోటు అదే. రమ్యకి తెలియనిదా. కొత్త గౌను, ఒక కాలికే బూటు. రెండో బూటు పట్టుకుని వెనకాల మారిట్.

రమ్య గోడనున్న చాట లాగి నేలమీద పడేసి అందులో కూర్చుంది. పట్టలేదు. ఒక కాలు బయటే ఉండిపోయింది.

"అక్కా, నన్ను అమ్ము. ఊరికే ఇయ్యమాక."

ఈలోగా అందరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిల్ల ఏమంటోందని ఆర్నె అడిగాడు. ఆఫీసు గుమాస్తా నాగేంద్రబాబుకి ఇంగ్లీషు వచ్చు గానీ సమయం తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇంగ్రిడ్ మొహం తెల్లబడింది. గబగబా ఏదో అంటూ రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"కోటేశ్వరీ, పిల్లని లేపు," అన్నారు సుబ్బరావమ్మగారు.

నాలుగేళ్ళలో ఆవిడ మాట కోటేశ్వరి ఎన్నడూ కాదనలేదు. ఇప్పుడు పిల్లని లేపలేదు. చాట పక్కనే గొంతుక్కూర్చుంది.

"నాగేంద్రబాబుగారూ, ఒక్క మాట చెప్పండి వాళ్ళకి. మా అమ్మ నన్ను కూడా కొనుక్కుంది. కన్నదీ ఆవిడే, కొన్నదీ ఆవిడే."

నాగేంద్రబాబు సుబ్బరావమ్మగారి వంక చూశాడు. ఆవిడ కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. అతను చెప్పాడు. పోయిన ఇద్దరి గురించి, పెంటకుప్ప గురించి, జహీరున్నీసా మేక గురించి కూడా చెప్పాల్సి వచ్చింది, ఇంగ్రిడ్ ఒక్కొక్కటే అడిగి చెప్పించుకుంది మరి. చివరికి కోటేశ్వరి కళ్ళలోకి చూసి ఒక ప్రశ్న వేసింది.

"ఆ తరవాత ఈమె బతికిందా అని అడుగుతున్నారు," అన్నాడు నాగేంద్రబాబు.

"ఇదిగో, ఉన్నాగా," అంది కోటేశ్వరి.

ఇంగ్రిడ్ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. తవుడు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. రమ్య తల అడ్డంగా ఊపింది.

"అది మన గేదెది. కొనుక్కునేవాళ్ళు వాళ్ళింటి నించి తెచ్చుకోవాలి."

నిజమే, కథలో అలాగే ఉంది. నాగేంద్రబాబు ఆ సంగతి చెప్పేసరికి పెద్దవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇల్లు ఎక్కడో మంచులో ఉంది. అప్పుడు మారిట్ చేతిలో బూటు కింద పెట్టి బయటికి పరుగెత్తింది. కారు తలుపు చప్పుడయింది. వగరుస్తూ వచ్చి నీలం డబ్బా తల్లి చేతిలో పెట్టింది.

రమ్య డబ్బాలోకి తొంగి చూసింది. వేలు పెట్టి కెలికింది. నమ్మకం కుదిరినట్టు లేదు.

"తవుడేనా అక్కా?"

పిల్లకి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు కోటేశ్వరి. ఆ పలుకులు నాలుగు అరచేతిలో వేసుకుని, ఖుర్షిదా చేసినట్టే నలిపి చూసింది. ఏదో ధాన్యం. వాళ్ళ పొలాల్లో పండింది, వాళ్ళ ఇంట్లోంచి వచ్చింది.

"వాళ్ళ ఊరి తవుడు," అంది.

కొంగు పట్టింది. ఇంగ్రిడ్ డబ్బా వంచి ఒక్క పలుకు మిగల్చకుండా పోసింది. కోటేశ్వరి కొంగు ముడేసి, చాట ఒక పక్క పట్టుకుంది. పసిగుడ్డు కాదు, నాలుగేళ్ళ పిల్ల, లేవలేదు. ఆర్నె వచ్చి రెండో పక్క పట్టాడు. లేస్తూ లేస్తూ ద్వారబంధానికి తల కొట్టుకున్నాడు. రమ్య పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఇంగ్రిడ్ ఆమెను చాటలోంచి ఎత్తుకుంది. రమ్య వెనక్కి వాలలేదు. మెడచుట్టూ ఒక చెయ్యి వేసి, రెండో చెయ్యి మారిట్ దగ్గర బూటు కోసం చాపింది.

అమ్మిన మనిషి ఆ తరవాత పిల్లను పేరుపెట్టి పిలవకూడదు. జహీరున్నీసా ఇరవై రెండేళ్ళుగా గోడమీంచి అమ్మను, మీ పిల్ల ఏదీ, మీ పిల్ల తిన్నదా అని అడగడమే గానీ, కోటేశ్వరీ అని ఒక్కసారి పిలిచి ఎరగదు. ఆ మాట కోటేశ్వరి నోటికి అంత తేలిగ్గా రాలేదు.

"మీ పిల్ల," అంది ఇంగ్రిడ్‌తో. "జాగర్త."

నాగేంద్రబాబు దాన్ని ఇంగ్లీషులోకి తిప్పలేదు. ఇంగ్రిడ్ అడగనూ లేదు.

కారు కదిలింది. కోటేశ్వరి గేటు దాకా వెళ్ళి నిలబడింది, ఈసారి వద్దని ఎవరూ అనలేదు. వెనకద్దంలోంచి రెండు తలలు కనిపించాయి, ఒకటి నల్లది, ఒకటి పసుపుది. కారు రోడ్డెక్కింది. ఆమె చెవులు తూము మీదే ఉన్నాయి. తూము దాటింది. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. అది కూడా కాసేపటికి దానయ్య కళ్ళంలో కాయలు తిరగేస్తున్న ఆడవాళ్ళ మాటల్లో కలిసిపోయింది.

సుబ్బరావమ్మగారు వచ్చి పక్కన నిలబడ్డారు. చివాట్లు పెడతారనుకుంది.

"నిజంగానే నిన్ను తవుడుకి కొన్నారా?"

"అవునండి. సోలెడు."

"మరి ఈ పిల్లకి?"

"డబ్బాడు."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కోటేశ్వరి దొడ్లోకి నడిచి, గేదె ముందు కొంగు విప్పింది. పొయ్యబోయి ఆగి, ఒక పలుకు తీసి నోట్లో వేసుకుంది. ఉప్పు లేదు, కారం లేదు. నములుతూ నములుతూ ఉంటే ఎక్కడో అడుగున కొంచెం తీపి తగిలింది. రేపటి నుంచి పొద్దున్నే ఆ పిల్ల నోటికి తగిలే రుచి ఇది కాబోలు. ఇంకో పలుకు వేసుకోబోయింది గానీ, అమ్మిన సొమ్ము తినకూడదు. మిగిలిందంతా తొట్టిలో పోసింది. గేదె ఒకసారి వాసన చూసి, తల ఎత్తి ఆమె మొహం వంక చూసి, తరవాత తిన్నది.