గుంటలు పడ్డ చదరంగపు రాయి

మా చదరంగం పలక తాండూరు రాయిది. నీలం రాయి, పసుపు రాయి గడులుగా కోసి మా మామ తన చేత్తో అతికించాడు. నా భార్య మనోరమ కాపురానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకుంది. దాని మీద ఇద్దరం ఆడేవాళ్ళం. ఆట లేనప్పుడు ఆమె దాని మూల మీద చింతపిక్కలు పెట్టి రాయితో కొట్టేది. ఆ మూల గడుల్లో గుంటలు పడ్డాయి.

ఆమె సంవత్సరీకం రోజు వికారాబాద్‌లోని మా ఇంట్లో భోజనాలయ్యాక, ఆమె తమ్ముడు బాల్‌రాజ్ ఆ గుంటలను వేలితో తడిమి చూశాడు. అతనికి తాండూరులో రాళ్ళకు పాలిష్ పట్టే కార్ఖానా ఉంది.

"బావా, గిది మా నాయిన చేసింది. నాకియ్యి. మిషన్ల పెట్టి గీకిస్తే గుంటలన్ని పోతయ్. కొత్తింటి హాల్ల పెట్టుకుంట."

ఇవ్వనన్నాను. అక్కడున్న పెద్దమనుషులు అతని వైపే తలూపారు. తండ్రి వస్తువు కొడుక్కి చెందాలట. మనోరమ వికారాబాద్ ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్ళూ ఈ కొడుకు ఒక్కసారి రాలేదు. డ్రైవర్ చేత బత్తాయిలు పంపాడు. ఆ మాట అప్పుడు అనలేదు.

"ఆడి గెల్చుకో" అన్నాను.

"ఓడితె ఇస్తవా?"

"ఇస్త. నేను గెలిస్తే మళ్ల దీని మాట ఎత్తొద్దు."

"సరే. గని మీ బంట్వారం ఆట గాదు. పుస్తకం రూల్సు. మా ఇంట్ల."

నేను బంట్వారంలో పుట్టి అక్కడి బడిలోనే చదివాను. మా ఊరి ఆటలో బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడుస్తుంది. మనోరమ కూడా నాతో అట్లాగే ఆడేది. పుస్తకం ఆటలో బంటు మొదటిసారి రెండు గడులు వెయ్యొచ్చు. ఆ సంగతి తెలుసు గానీ ఎప్పుడూ అట్లా ఆడలేదు.

ఆదివారం పలకను గోనెసంచిలో చుట్టుకొని రైల్లో తాండూరు వెళ్ళాను. బాల్‌రాజ్ వరండాలో బల్ల వేయించాడు. పొరుగున ఉండే శ్రీశైలం న్యాయం చెప్పడానికి కూర్చున్నాడు. అతనికి రూల్సన్నీ వచ్చునట. గుంటలున్న మూల బాల్‌రాజ్ వైపు పడింది.

తెల్లవి నావి. చాలాసేపు సమానంగా సాగింది. గుర్రాలు పోయాయి, ఒంటెలు పోయాయి. బాల్‌రాజ్ తన రాజు ముందున్న బంటును నా వైపు తోసుకుంటూ వచ్చాడు. ఆ వరుసలో నా బంటు ముందే పోయింది. దాని పక్కన, అంచు వరుసలో, నా బంటు ఒకటి కదలకుండా ఉంది. రెండు గడులు వెయ్యొచ్చు కదా అని ముందుకు తోశాను. అది అతని బంటు పక్కకు చేరింది.

బాల్‌రాజ్ నవ్వి, తన బంటును వంకరగా నా బంటు దాటి వచ్చిన ఖాళీ గడిలో పెట్టాడు. నా బంటును తీసి బయట పెట్టాడు.

"అదెట్ల? నా బంటు ఆ గడిల లేదు గద?"

"రెండు గడులు దుంకితే, ఒక్క గడి నడిచినట్టే లెక్కగట్టి కొట్టొచ్చు బావా. మీ బంట్వారం బడిల గీ పాఠం చెప్పలేదా?"

శ్రీశైలం తలూపాడు. "రూలే పెద్దాయనా. చిన్నపిల్లలు సుత గట్లనే కొడ్తరు."

బాల్‌రాజ్ ఇంట్లోకి చూసి భార్యను కేకేశాడు. "అరుణా, కార్ఖానాల అంజికి ఫోన్ జెయ్. రేపు పొద్దుగాల మొదలు గీ రాయే మిషన్ ఎక్కాలె."

నేను పలక వైపే చూస్తూ కూర్చున్నాను. పోయిన బంటు పోయింది. దాన్ని తినడానికి అతని బంటు తన వరుస వదిలి పక్కకు జరిగింది. ఇప్పుడు ఆ వరుస నా చివర నుంచి అతని రాజు దాకా ఖాళీ.

ఆ వరుస మొదట్లోకి ఏనుగును తెచ్చాను. "చెక్."

రాజు మూల గడిలోకి తప్పుకున్నాడు. అది గుంటలు పడ్డ గడి. రాజు సరిగా నిలవక ఒక పక్కకు ఒరిగాడు.

"గిందుకే గీకియ్యాలె అన్న" అన్నాడు బాల్‌రాజ్.

మంత్రిని అతని రాజు దగ్గరికి తెచ్చాను. ఇంకొక్క ఎత్తులో ఆట కట్టు. అతను ఏనుగును రాజు పక్కకు జరిపి కాపాడుకున్నాడు. నా ఏనుగుతో దాన్ని కొట్టాను. అతని మంత్రి నా ఏనుగును కొట్టింది.

"ఏనుగుకు ఏనుగు" అన్నాడు శ్రీశైలం. "ఇంకా ఒక బంటు తక్కువే ఉన్నవ్ పెద్దాయనా."

మంత్రిని జరిపి ఏటవాలుగా చెక్ చెప్పాను. అతని మంత్రి రాజుకు అడ్డం వచ్చింది. ఇక అది కదలడానికి లేదు, కదిలితే రాజు మీద నా మంత్రి పడుతుంది. నా రెండో ఏనుగు అప్పటిదాకా ఉన్నచోటే ఉంది. దాన్ని నేరుగా అతని చివరి వరుసకు దించాను.

బాల్‌రాజ్ రాజు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. వెళ్ళడానికి గడి లేదు. నా బంటును తిన్న బంటు అంచున అట్లాగే ఉంది, ఇంకో అడుగు వేసే తీరిక దానికి రాలేదు.

"కట్టయింది అన్నా" అన్నాడు శ్రీశైలం మెల్లగా.

"అక్క నేర్పిందా బావా, గిట్ల ఆడుడు?"

"తెలుసుకోవాలంటె అప్పుడు ఆసుపత్రికి రావాల్సుండె. నెల రోజులు మంచంల ఉన్నది."

అరుణ తలుపు దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, అన్నం తిని పోండ్రి."

"తినను."

నేను పలకను సంచిలో చుడుతుంటే బాల్‌రాజ్ లేచాడు. "మస్తు బరువున్నది. కారు పంపిస్త, డ్రైవర్ ఇంటికాడ దింపుతడు."

"బత్తాయిలు తెచ్చిన కారేనా?"

సంచి భుజాన వేసుకొని స్టేషన్ దాకా నడిచాను. వికారాబాద్‌లో దిగేసరికి భుజం పట్టేసింది.

పలకను ఎప్పటి చోటే పెట్టాను. గుంటలున్న మూల ఆమె కూర్చునే వైపుకు తిప్పాను.