రెండు సంచుల నడుమ జావ

పరీక్ష గదిలో షిటాండా బుగ్గలు పొంగించి రెండో సంచి నిండా ఊపిరి ఊదాడు. శనివారం మలిన్యా మైదానంలో తుఫాను అనే అతని ఎద్దు ఇంకో ఎద్దుతో పోటీకి దిగుతుంది. డోళ్ళ మోతలో దాని ముందు గంతులేస్తూ పరిగెత్తాల్సింది తనే. నెల క్రితం ముగిసిన మాత్రలకు కడుపులో పుండు పెట్టే, కంటికి కనిపించని పురుగు చావలేదని తేలితే మాత్రం, అదే శనివారం పట్నం ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం దింపించుకోవాలి. తేదీ మార్చరు. పేదవాడి కడుపునొప్పికి అన్ని తేదీలెక్కడివి?

పరీక్ష చేసే ఇమాలి రెండు సంచులూ యంత్రానికి తగిలించింది. ఒకటి పరీక్ష మాత్ర మింగకముందు ఊదినది, రెండోది మింగిన అరగంటకు ఊదినది. పురుగుంటే ఆ మాత్రను విరగ్గొడుతుంది, అందులోని బరువైన కార్బన్ రెండో ఊపిరిలో పెరుగుతుంది. తేడా నాలుగు దాటితే పురుగున్నట్టే.

"నాలుగున్నర," అంది ఇమాలి.

షిటాండా బల్ల మీద కూలబడ్డాడు. "అయిపోయింది! తుఫాను ముందు ఎవడు పరిగెత్తుతాడు ఇక?"

"ఆగు బాబాయ్. పురుగుంటే పదో ఇరవయ్యో చూపించాలి. గడప మీద నిలబడ్డ చుట్టంలా ఈ నాలుగున్నరేంటి? రాత్రి నుంచి ఏమీ తినలేదుగా?"

"మెతుకు ముట్టలేదు!"

పక్కనే కూర్చున్న అతని భార్య ఖసాండి, ఒళ్ళో ఫ్లాస్కును పైగుడ్డతో కప్పేసింది.

"అదేంటి పిన్నీ?"

"జావ... ఒక సంచి ఊదేశాడుగా, పనైపోయిందనుకున్నా. అరగంట ఊరికే కూర్చోబెట్టారు. కడుపు మాడుతుంటే చూస్తూ ఊరుకోనా?"

"మొక్కజొన్న జావేనా?"

"మనకి వేరే జావ కూడా ఉందా, తల్లీ?"

ఇమాలి నెత్తి కొట్టుకుని పకపకా నవ్వింది. "మొక్కజొన్నలో ఆ బరువైన కార్బన్ గోధుమలో కన్నా ఎక్కువ! గోధుమ రొట్టె తినేవాళ్ళు చేసిన యంత్రం ఇది. నీ జావేదో పురుగేదో దానికేం తెలుసు?"

"అయితే పురుగు లేనట్టేనా?" షిటాండా లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడే చెప్పను. రేపు పొద్దున్నే పరగడుపున రా. పిన్నీ, ఫ్లాస్కు ఇంట్లో పెట్టిరా!"

శుక్రవారం యంత్రం గుర్రుమంటున్నంతసేపూ షిటాండా ఊపిరి బిగబట్టాడు. అంకె వెలగగానే ఇమాలి కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"అర కూడా లేదు బాబాయ్! పురుగు చచ్చింది!"

షిటాండా వేసిన కేకకు బయట వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. గది దాటకముందే అతని పాదాలు పోటీ అడుగులు వేస్తున్నాయి.

"ఆగవయ్యా!" ఖసాండి వెనకే పరిగెత్తింది. "ఫ్లాస్కు గేటు దగ్గర కాపలాదారుకిచ్చి వచ్చా. జావ తాగి గంతులెయ్యి!"

షిటాండా గేటు దగ్గర నిలబడే జావంతా గటగటా తాగేసి, మూతి తుడుచుకోకుండానే తుఫాను దగ్గరికి పరుగు తీశాడు.