సువార్తమ్మ కాళ్లకు తగిన జోడు

"ఆంటీ, మీ ఏజ్‌కి ఇవే కరెక్ట్," అంటూ సేల్స్ అమ్మాయి ఒక నల్లటి జత తెచ్చి సువార్తమ్మ కాళ్ల ముందు పెట్టింది.

సువార్తమ్మ వాటిని చచ్చిన ఎలుకను చూసినట్టు చూసింది. మొద్దు అడుగు, బెత్తెడు వెడల్పు పట్టీ, దాని మీద అంటించి పీకే వెల్‌క్రో.

"నా వయసు నీకెవరు చెప్పారమ్మాయ్?"

"అంటే... సీనియర్స్ అందరూ ఇవే తీసుకుంటారాంటీ. ఫుల్ కంఫర్ట్."

"కంఫర్ట్ సరే. వీటిని తయారుచేసినవాడికి తల్లి లేదా? ఉంటే ఆవిడ మీద అంత కక్ష ఏమిటి?"

పక్కనే నిలబడ్డ కోడలు జెస్సికా ఫోన్లోకి తలదించుకుంది. మాదాపూర్, కొండాపూర్ కలిపి ఇది అయిదో దుకాణం. అన్నిచోట్లా ఇదే వరస. అందమైన జోళ్లన్నీ ముందు వైపు అద్దాల్లో, కాలేజీ పిల్లల కోసం. అరవై దాటినవాళ్లకు మాత్రం లోపల గోదాములోంచి, దుమ్ము దులిపి, ఏదో దయచేసినట్టు తెచ్చి పెడతారు.

సువార్తమ్మ దయ పుచ్చుకునే మనిషి కాదు. నలభై ఏళ్లు నర్సుగా చేసి, చివరి పన్నెండేళ్లు ఆరువందల పడకల ఆసుపత్రిని నర్సింగ్ సూపరింటెండెంట్‌గా ఏలింది. ఆమె వార్డులోకి వస్తుంటే హౌస్ సర్జన్లు చొక్కా గుండీలు సర్దుకునేవాళ్లు. నాలుగేళ్ల కిందట భర్త జ్ఞానప్రకాశం పోయినప్పుడు ఆడబిడ్డ తెల్లచీర తెచ్చి ఒళ్లో పెడితే, "ఉద్యోగంలో కట్టిన తెలుపు చాలదా నాకు? నువ్వే కట్టుకో," అని మడత విప్పకుండానే తిప్పి పంపింది.

ఆ నలభై ఏళ్ల నడక ఇప్పుడు కాళ్లలోకి దిగింది. పొద్దున మంచం దిగి తొలి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది. కుడికాలి బొటనవేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చింది. నల్లగండ్లలో కొడుకు కిరణ్ పాల్ ఫ్లాట్లో ఉన్నంతసేపూ రబ్బరు చెప్పులతో నెట్టుకొచ్చేది. కానీ తను చదువుకున్న నర్సింగ్ కాలేజీవాళ్లు ఆమెను దీపప్రజ్వలన సభకు ముఖ్య అతిథిగా పిలిచారు. కొత్తగా చేరిన నూట ఇరవై మంది పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఆమె చేతిలోని దీపంతో తమ కొవ్వొత్తి వెలిగించుకుంటారు. గంటన్నర నిలబడాలి.

"కుర్చీ వేయిస్తాం మేడమ్," అంది ప్రిన్సిపాల్ ఫోన్లో.

"కూర్చుని దీపం పంచడానికి నేనేమైనా దుకాణం పెట్టానా?" అని ఫోన్ పెట్టేసింది సువార్తమ్మ.

నేరేడు రంగు ధర్మవరం పట్టుచీర అప్పుడే తీసి ఇస్త్రీకి ఇచ్చింది. దాని కింద ఆ వెల్‌క్రో సంకెళ్లు వేసుకోవడమంటే, రాజుగారి ఏనుగుకు గాడిద గంట కట్టినట్టే.

దుకాణాలు అయిపోయాక జెస్సికా ఆమెను ఒక గాజు భవనంలోని పాదాల క్లినిక్‌కు తీసుకెళ్లింది. ఆఫీసులో ఎవరో చెప్పారట. లోపల సన్నటి సంగీతం, నిమ్మగడ్డి వాసన. ఫుట్ కన్సల్టెంట్ భరత్ ఆమెను ఒక గాజుపలక మీద నిలబెట్టాడు. తెర మీద రెండు పాదాలు ఎరుపూ పసుపూ రంగుల్లో వెలిగాయి.

"చూశారా ఆంటీ, మీ ఆర్చ్ టోటల్‌గా కొలాప్స్ అయింది."

"ఎర్రగా ఉన్నదేమిటి బాబూ?"

"అది హీల్ బోన్ ప్రెషర్ ఆంటీ."

"ఆ ఎముక పేరేమిటి?"

భరత్ తెర వంక చూశాడు. తెర సాయం చేయలేదు.

"కాల్కేనియస్," అంది సువార్తమ్మ. "రోజూ దాని మీద బతుకుతున్నావు. పేరైనా తెలుసుకోవద్దూ?"

అతను నొచ్చుకోకుండా నవ్వి, ఆమె కోసమే ప్రత్యేకం అంటూ పాదం ఆకారంలో కోసిన ఒక మెత్తని అట్ట తీశాడు. చెప్పులో పరుచుకోవాలట. సువార్తమ్మ దాన్ని అందుకుని బొటనవేలితో నొక్కింది. వేలు అడుగుదాకా దిగిపోయింది.

"ఇది ఆసరా కాదు నాయనా, బన్ను రొట్టె. టీలో ముంచుకు తినొచ్చు," అని లేచింది.

ఇద్దరూ లిఫ్టు దిగారు. "అత్తయ్యా, ఎవరినీ ఒక్క మాట పూర్తిచేయనివ్వరేం?" అంది జెస్సికా.

"పూర్తిచేస్తే బాగుపడే మాటలైతే ఆగనూ?"

కింద గేటు దగ్గర సంచులు తనిఖీ చేసే సెక్యూరిటీ ఆవిడ ఉంది. యాభై దాటి ఉంటాయి. చొక్కా మీద కనకలక్ష్మి అని పేరు. సువార్తమ్మ సంచి అందిస్తూ యథాలాపంగా ఆవిడ కాళ్లవైపు చూసి, ఆగిపోయింది. నల్ల తోలు బూట్లు. ముందు వేళ్లకు చోటుంది, వెనక మడమను గట్టిగా పట్టుకున్నాయి. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. ఆ భవనంలో ఆ పూట ఆమె చూసిన వస్తువుల్లో బుద్ధితో చేసినది అదొక్కటే.

"ఎన్ని గంటలు నిలబడతారమ్మా?"

"పన్నెండు గంటలు మేడమ్."

"మడమ నొప్పి లేదూ?"

"మస్తుండె. గీ బూట్లేస్కున్నంక పోయింది. బాలానగర్‌ల కిష్టయ్య అని ఉన్నడు. ఫ్యాక్టరీ ఆడోళ్లకు కుడ్తడు. జర కోపపు మనిషి మేడమ్, ముందే చెప్తున్న."

"అది నేను చూసుకుంటా," అంది సువార్తమ్మ.

శనివారం పొద్దున జెస్సికా కారు తీసింది. కిష్టయ్య షెడ్డు లేత్ మిషన్ల సందులో ఉంది. తోలు వాసన, జిగురు వాసన. డెబ్బై ఏళ్ల మనిషి పీట మీద కూర్చుని ఒక బూటు అడుగును కత్తితో చెక్కుతున్నాడు. సువార్తమ్మ తనెవరో, ఏం కావాలో, దేనికి కావాలో చెప్పింది. అతను ఆమె ముఖం వంక ఒక్కసారైనా చూడలేదు. ఆమె విడిచిన చెప్పు తీసి తిరగేశాడు.

"నలభై ఏండ్లు దవాఖానల జేసినవా?"

నువ్వు అనడం సువార్తమ్మకు చురుక్కుమంది. "చేశాను."

"మంది కాళ్లు జూసినవ్, నీ కాళ్లు నువ్వు సూస్కోలే. ఎడమ కాలు పొట్టిగున్నది నీకు. గీ చెప్పు జూడు, ఒక్క దిక్కే అరిగింది. బరువంత కుడి మడమ మీద వడ్తున్నది."

"నాకు అలాంటిదేమీ లేదు."

"లేకుంటే ఈడికెందుకొస్తివి?"

అతను నేల మీద పాత పేపరు పరిచి ఆమెను నిలబెట్టాడు. పెన్సిలుతో పాదాల చుట్టూ గీసి, ఎడమ మడమ కింద తోలుముక్కలు ఒక్కొక్కటే దూర్చాడు. మూడో ముక్కకు సువార్తమ్మ నడుము దానంతటదే నిటారైంది. ఎన్నేళ్లుగానో ఒక పక్కకు ఒరిగిన పటాన్ని ఎవరో సరిచేసినట్టయింది. అంతమంది డాక్టర్ల మధ్య బతికి, ఈ సంగతి ఒక చెప్పులు కుట్టేవాడి నోట వినాల్సి రావడం ఆమెకు మింగుడుపడలేదు. అంతకన్నా తన మీద తనకే రోత పుట్టింది.

"సన్నటి ముక్కుతో కావాలి. నేరేడు రంగులో," అంది.

"సన్నగ గావాల్నంటే రెండు వేళ్లు కోపిచ్చుకొని రా. రంగుల్లేవ్. నలుపు, బూడిద."

"యంత్రాలకు కుడుతున్నారా, మనుషులకా?"

కిష్టయ్య మొదటిసారి తలెత్తాడు. సువార్తమ్మ అతని చేతిలోని పెన్సిలు లాక్కుని, తన పాదం బొమ్మ మీదే గీసింది. ముందు భాగం వెడల్పుగానే ఉండనిచ్చి, పైన కోతను వాలుగా లోపలికి తిప్పింది. ఎముక పొడుచుకొచ్చినచోట కుట్టు రాకుండా పట్టీని పక్కకు మళ్లించింది. అప్పుడు పాదం వెడల్పుగా ఉన్నా, కంటికి సన్నగా కనిపిస్తుంది.

అతను ఆ గీతల మీదికి వంగాడు. "గిట్లెవరు నేర్పిన్రు?"

"కట్లు కట్టి కట్టి వచ్చింది. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో తెలియకపోతే పుండు మానదు."

"కుట్టొచ్చు," అన్నాడు, పన్ను పీకించుకుంటున్నట్టు. తర్వాత జెస్సికా హైహీల్స్ వంక చూసి, "నువ్వు గూడ పదేండ్లల్ల ఈడికే వస్తవ్ బిడ్డా," అన్నాడు.

"మా కోడలి కాళ్ల సంగతి మేం చూసుకుంటాం. మీరు నా పని చూడండి," అంది సువార్తమ్మ. ఆ హైహీల్స్‌ను వారానికి మూడుసార్లు తిట్టేది తనే. కానీ బయటివాళ్లు తిడితే వేరు. కారెక్కాక జెస్సికా నవ్వు ఆపుకోలేకపోయింది.

వారానికి తయారైన జత కుడికాలిని బొటనవేలి దగ్గర నొక్కింది. "ఏమండీ కిష్టయ్యగారూ, ఎముక మీద కుట్టు పడింది. నేను గీసింది ఒకటి, మీరు కుట్టింది ఒకటి," అంది సువార్తమ్మ. తప్పు దొరికిన సంబరంతో ఆమె ముఖం పండగలా ఉంది. అతను కత్తి తీసి, ఆ బూటును ఆమె కళ్లముందే కోసి పారేశాడు. ఆమెకు అతని మీద గౌరవం కలిగింది ఆ క్షణంలోనే. తప్పును బుజ్జగించేవాళ్లను ఆమె ఎన్నడూ నమ్మలేదు.

రెండోసారి జోడు కాలికి చర్మంలా అమరింది. నేరేడు రంగు తోలు, మడమ చుట్టూ గిన్నెలా గట్టి తోలు, ఎడమ అడుగు లోపల పైకి తెలియకుండా అరంగుళం ఎత్తు.

సభ రోజు సాయంత్రం ఆడిటోరియంలో ఆమె దీపం పట్టుకుని నిలబడింది. ఇరవయ్యో పిల్లకు, పక్కన నిలబడ్డ ప్రిన్సిపాల్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం మొదలుపెట్టింది. యాభయ్యో పిల్లకు, తెచ్చిన కుర్చీలో తనే కూలబడింది. సువార్తమ్మ అటు ఓరగా ఒక చూపు విసిరి, వచ్చే పిల్ల కొవ్వొత్తి వైపు దీపం వంచింది. నూట ఇరవయ్యో పిల్ల వెళ్లేసరికి హాలంతా వెలుగు. మడమలో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తేనీటి దగ్గర ఆమెతో చదువుకున్న ముసలి నర్సులు చుట్టుముట్టారు. ఎవరూ ఆమె ఉపన్యాసం ఊసెత్తలేదు. అందరి కళ్లూ కిందే.

"ఎక్కడే సువార్తా? విదేశాలవా?"

"బాలానగర్‌వి. అతనికి మర్యాద తెలీదు, మీ ఏబ్రాసి నడకలన్నీ బయటపెడతాడు. ఓర్చుకునేవాళ్లే వెళ్లండి," అని చిరునామా చెప్పింది.

సోమవారం పది గంటలకు ఫోన్ మోగింది.

"ఏందమ్మా, నా షెడ్డును దవాఖాన జేసినవ్? తొమ్మిది మంది కూసున్నరు. అందరు నర్సమ్మలేనట! ఒక్కతి గూడ చెప్పింది వింటలేదు. సన్నగ గావాల్నంట, గులాబీ రంగంట!"

"వినరు. ఆసుపత్రుల్ని నడిపినవాళ్లు. మీరు పాదాలు గీసి పెట్టండి, పైకోతలు నేనొచ్చి గీస్తా," అంది సువార్తమ్మ.

అవతల కత్తి కింద పెట్టిన చప్పుడైంది.

"జల్దీ రా మరి," అన్నాడు కిష్టయ్య.

"రండి అనండి," అంది సువార్తమ్మ. అతను అనేదాకా ఫోన్ పెట్టలేదు.