దాపటి ఎద్దు, వలపటి ఎద్దు

రోములో మా ఆవుల మైదానంలో పాత చక్రవర్తుల కట్టడాలు సగం మట్టిలో, సగం మట్టిపైన ఉంటాయి. పైనున్న సగానికి మేం పశువులను కట్టేస్తాం. నేను ఇరవయ్యేళ్లుగా అమ్మకపు ఎద్దులను మూడు స్తంభాల దగ్గరే కడుతున్నాను. మధ్యాహ్నం దాటాక నీడ అక్కడ పడుతుంది. నీడలో నిలబడ్డ ఎద్దు ఎండలో ఎద్దు కంటే ఏడాది చిన్నదిగా కనిపిస్తుంది.

బొమ్మలు గీసే గాస్పరె మాస్టారు వచ్చి, స్తంభాల ముందు ఒక జతను కాడి కట్టి నిలబెట్టమన్నప్పుడు కూడా లాభం చూసుకునే ఒప్పుకున్నాను. ఆయన రాగిరేకు మీద సూదితో గీసి, దాన్ని రాగిని తినే ఘాటు నీళ్లలో ముంచి, సిరా పూసి కాగితాల మీద అచ్చు తీస్తాడు. ఒక్క రేకుకు వందల కాగితాలు. ఇంగ్లీషు దొరల మేడలకూ, దారిలో ఉన్న సత్రాలకూ వెళతాయి. నా ఎద్దులు మేత ఖర్చు లేకుండా ఊరూరా తిరుగుతాయనుకున్నాను. మాస్టారు ఎద్దుల వెనక కూర్చుని గీశాడు కాబట్టి ఊళ్లకు వాటి పిరుదులే దక్కాయి. అయినా నష్టం లేదు. ఎద్దు బలం అక్కడే ఉంటుంది.

జూన్‌లో సబీనా కొండల మఠం పొలాలు చూసే పారుపత్యగాడు ఒనోఫ్రియో ఆ బొమ్మను చంకలో పెట్టుకుని దిగాడు. పన్నెండేళ్లుగా ఆ మఠం నా దగ్గర తప్ప ఎద్దు కొనలేదు. సత్రం గోడ మీద బొమ్మ చూసి, అడిగి ఊడదీయించుకుని తెచ్చాడట. ఇదే జత కావాలన్నాడు. పళ్లు చూశాడు, గిట్టలు ఎత్తి చూశాడు, కాడి కట్టించాడు. తర్వాత వెనక్కి వెళ్లి నిలబడి, బొమ్మనూ ఎద్దులనూ నాలుగుసార్లు మార్చి మార్చి చూసి, ముఖం ముడుచుకున్నాడు.

ఆ జతలో బరోనె అనేవాడికి ఒక కొమ్ము విరిగి ఉంటుంది. వాడు వలపటివాడు, కుడివైపు నడుస్తాడు. ఫూమో దాపటివాడు, ఎడమవైపు. కాడి మెడకెక్కిన రోజు నుంచీ అంతే. బొమ్మలో మాత్రం కొమ్ము విరిగినవాడు ఎడమవైపున ఉన్నాడు.

"పక్కలు ఎప్పుడు మార్చావు, సబాతినో?"

"మార్చలేదు, పారుపత్యగారూ."

"భుజం చెడితేనే పక్క మారుస్తారు. నాకు చెప్పకు. నేను ఎద్దుల మధ్య పెరిగినవాణ్ణి."

"ఏ పక్కన కట్టేవారండీ తమర్ని?" అని నీళ్ల తొట్టి దగ్గర నుంచి చెంచో అడిగాడు. వాడూ పశువుల బేరగాడే. వాడి జత అక్కడే కడిగించుకుని నిగనిగలాడుతోంది. ఈ బేరం పోతే మఠం ఇక వాడిదే.

అచ్చులో ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. జాగ్రత్త గల పనివాళ్లు రేకు మీద ముందే తిప్పి గీస్తారు. మా మాస్టారుకు అంత ఓపిక లేదు, కంటికి కనిపించినట్టే గీసేస్తాడు. ఆ మాట ఒక్కటి ఆయన చెబితే చాలని పాత రాతి కమాను కింద ఉన్న ఆయన బల్ల దగ్గరికి పారుపత్యగాణ్ణి తీసుకెళ్లాను. అక్కడ ముగ్గురు ఇంగ్లీషు దొరలు బొమ్మలు తిరగేస్తున్నారు.

మాస్టారు నా చెవిలో, "బొమ్మ కింద 'ఉన్నది ఉన్నట్టు' అని చెక్కానయ్యా. కొనేవాళ్ల ముందా అడిగేది?" అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా, తన సూది అబద్ధమాడదని చెప్పాడు.

మాస్టారు కూర్చుని గీసిన చోటికే పారుపత్యగాణ్ణి తీసుకెళ్లి నిలబెట్టాను. బొమ్మలో కమాను స్తంభాలకు ఎడమవైపుంది, ఇక్కడ కుడివైపుంది, చూడండి అన్నాను. చాలాసేపు చూశాడు.

"కమానును కూడా మార్చారా?" అన్నాడు.

ఎగతాళి అనుకున్నాను. కాదు. అమ్ముకోవడానికైతే రోమువాళ్లు దేన్నైనా కదుపుతారని వాళ్ల నాన్న ముందే చెప్పాడట.

చెంచో తన జత పలుపులు విప్పుతున్నాడు. లెక్క వేసుకున్నాను. ఈ మనిషి నా మాట నమ్మడు, రాయిని నమ్మడు. ఎద్దును నమ్ముతాడు.

"బొమ్మలో ఉన్నట్టే మీ చేత్తో కట్టండి. పది అడుగులు తిన్నగా నడిస్తే జత ఊరికే తోలుకుపోండి."

కట్టాడు. ములుగర్ర తనే పట్టాడు. బరోనె అలవాటైన కుడివైపుకు తోసుకెళ్లాడు, ఫూమో ఎడమవైపుకు. కాడి కిందే మెడలు రాసుకుని, ఇద్దరూ తిరగలిలా తిరిగి, దొరల వైపు బయల్దేరారు. ఒక దొర విరిగిన స్తంభం మొదలు మీదికి ఎక్కాడు. మాస్టారు కాగితాలను కౌగిలించుకున్నాడు. పారుపత్యగాడు పలుపు వదలకుండా ఈడ్చుకుపోతూ మఠంలో అనకూడని మాటలు అన్నీ అన్నాడు.

ఎద్దులను ఆపి, పక్కలు సరిచేసి కట్టాను. ములుగర్ర చూపించనైనా లేదు. తొట్టి దాకా గీత గీసినట్టు వెళ్లి, నీళ్లు తాగి, తిరిగి వచ్చాయి.

పారుపత్యగాడు మోకాళ్ల మట్టి దులుపుకుని, ఎద్దులు మంచివేనన్నాడు. తన చెప్పు తెగినందుకు ధరలో మూడు స్కూడీలు కోశాడు. ఏటా ఏదో ఒకటి తెగుతుందని నేను ముందే నాలుగు కలిపి చెప్పాను. చేతిలో చెయ్యి వేశాం.

మరుసటి వారం మాస్టారు కొత్త రేకుకు ఇంకో జతను అడగడానికి వచ్చాడు.

"మేకల్ని గీసుకోండి, మాస్టారూ. వాటికి దాపటా లేదు, వలపటా లేదు."

"మరి కమాను పక్క మారితే?"

"దాన్నెవరూ నాగలికి కట్టరు."