ఛీఛీ పిన్ని వ్యాఖ్యానం

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ బ్యూటీ పార్లర్‌లో కుర్చీ దొరకడం గగనం. ఆ వీధి ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా అందం మీద ధ్యాస పుట్టుకొచ్చిందేమో అనుకునేరు, అదేం కాదు. ఆ వేళకు గోడ మీది టీవీలో సీరియల్ వస్తుంది. దాని అసలు పేరు బారెడు పొడుగుంటుంది కాబట్టి ఎవరూ పలకరు, రెండు గంటల సీరియల్ అంటారు. పదకొండేళ్లుగా సాగుతోంది. మొదట్లో ఉయ్యాలలో ఉన్న పిల్లకు ఇప్పుడు పెళ్లి కూడా అయిపోయింది, ఆ పిల్ల తల్లికి మాత్రం ఒక్క వెంట్రుకా నెరవలేదు.

హెయిర్ డ్రయర్ల రొదలో టీవీ మాట ఎలాగూ వినపడదు. అందుకని పార్లర్ నడిపే పిన్ని దాని గొంతు నొక్కేసి, తెర మీద ఎవరి నోరు కదిలితే వాళ్లకు తనే మాటలు పెడుతుంది. వీధిలో చిన్నా పెద్దా అంతా ఆమెను పిన్ని అనే పిలుస్తారు. కనుబొమలు తీయాలంటే దారం పళ్ల మధ్య బిగించి పట్టుకోవాలి, నోరు మెదపడానికుండదు. అందుకే సీరియల్ వేళ పిన్ని కనుబొమల జోలికి పోదు. జుట్టుకు రంగు వేయడం, పాదాలు రుద్దడం, ఇలా చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీగా ఉండే బేరాలే పెట్టుకుంటుంది. తెర మీద అత్తగారు కళ్లెర్రజేస్తే, "కోడలా, ఈ నగలన్నీ పెట్టుకుని పడుకుంటే మెడ పట్టేసిందే, కాస్త జండూబామ్ రాయవే" అని పిన్ని అంటుంది. రంగు పులుముకున్న తలలన్నీ నవ్వుతో ఊగుతాయి.

సీరియల్ అయిపోగానే వెనక గదిలోకి వెళ్లి, ఫోన్లో దాని అభిమానుల గ్రూపుకు మాట రికార్డు చేసి పంపుతుంది. అది ఎప్పుడూ "ఛీ" అనే మొదలవుతుంది. దాంతో గ్రూపులో ఆమెకు ఛీఛీ పిన్ని అని పేరు పడింది. సీరియల్ కన్నా ఈవిడ తిట్లే బాగుంటాయని ఎదురుచూసేవాళ్లున్నారు. పిన్నికి ఆ సంగతి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

అయితే ఈమధ్య వచ్చిన కోపం నవ్వులాటకు వచ్చింది కాదు. సీరియల్లో పెద్దింటి మొగుడొకడు ఉండేవాడు. టిఫిన్ తినేటప్పుడూ, నిద్రపోయేటప్పుడూ కూడా కోటు విప్పడు కాబట్టి పిన్ని వాడికి సూటు అని పేరు పెట్టింది. ఆ సూటు కట్టుకున్నదాన్ని మెట్ల మీంచి తోసేసి, విదేశాలకు పారిపోయాడు. పీడ విరగడైందని పిన్ని ఆ రోజు పార్లర్‌లో అందరికీ కూల్‌డ్రింకులు పోయించింది. ఇప్పుడు వాడు తిరిగొచ్చాడు. కాస్త గడ్డం పెంచాడు, కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. వాడు కనబడ్డప్పుడల్లా వెనక వయొలిన్ వాయిస్తున్నారు. గ్రూపులో ఆడవాళ్లంతా కరిగి కాలవలైపోయారు. వాడి కళ్లలో పశ్చాత్తాపం చూశారా అని ఒకావిడ రాసింది. ఎంతైనా వాళ్లిద్దరి జోడీ బాగుంటుంది, కలిపెయ్యండి అని ఇంకొకావిడ. కలపమని అందరూ కలిసి టీవీ వాళ్లకు అర్జీ పెట్టుకున్నారు.

"ఛీ. వాడి కళ్లలో ఉన్నది గ్లిజరిన్ తల్లీ. దాన్ని మెట్ల మీంచి తోసినప్పుడు విరిగింది కాలు కాదు, మీ బుర్రలు" అని పిన్ని ఆ పూట రికార్డు చేసింది. చేశాక కూడా కోపం తీరలేదు. ఎందుకంటే ఆ అర్జీలో అందరికన్నా ముందు పేరు పెట్టింది పిన్ని సొంత అక్క.

ఆ అక్క కూతురు ఇప్పుడు పిన్ని దగ్గరే ఉంది. చిన్నప్పుడు గుప్పెడంత ఉండి ఇల్లంతా ఎగిరేదని పిచ్చుక అని పిలిచేవారు, అదే నిలిచిపోయింది. ఇప్పుడు ఆ ఎగరడం లేదు. వానాకాలం మొదట్లో ఒక పొద్దున చిన్న సంచీతో వచ్చి, పార్లర్ ముందు నిలబడింది. ఎడమచేతి చిటికెన వేలు వంకరగా అతుక్కుని ఉంది. తలుపులో పడి నలిగిందని చెప్పింది. తలుపు ఎవరు వేశారని పిన్ని అడిగితే చీపురు అందుకుంది. ఆ రోజు నుంచి రెండు గంటలప్పుడు కనుబొమలు తీసే పని పిచ్చుకదే. దారం పళ్ల మధ్య ఉంటుంది కాబట్టి ఆ అమ్మాయిని ఎవరూ మాట్లాడమనరు, బహుశా అందుకే ఆ పని దానికి నచ్చింది.

పిచ్చుక మొగుడు మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే మనిషి. చొక్కా మీద ముడత ఉండదు, మాట మీద అసలే ఉండదు. పిన్ని వాడికి ఇస్త్రీ అని పేరు పెట్టింది. ఆ ఇస్త్రీ ఇప్పుడు అత్తగారి దగ్గర కూర్చుని కంటతడి పెట్టుకుంటున్నాడట. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి పెళ్లాన్ని తీసుకెళ్తాడని అక్క ఖాయం చేసేసింది.

మంగళవారం అక్క జుట్టుకు రంగు వేయించుకోవడానికి వచ్చి, సరిగ్గా టీవీ ఎదురుగా కూర్చుంది. తెర మీద సూటు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"చూడవే, ఎంత కుమిలిపోతున్నాడో. మనిషన్నాక మారతాడు" అంది అక్క.

"మారింది గడ్డమే అక్కా. తల కదపకు, రంగు చెవిలోకి పోతుంది."

"నీకు అందరూ వెధవల్లాగే కనిపిస్తారు. పదకొండేళ్లుగా దీన్ని తిడుతున్నావు, ఏం ఒరిగింది?"

"నీ కూతురి వేలు చూశావా?"

"తలుపులో పడిందని అదే చెప్పిందిగా" అంది అక్క, అద్దంలో చూపు పక్కకు తిప్పుకుంటూ.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో రంగు గిన్నె అక్క నెత్తిన బోర్లించాలనిపించింది. తోడబుట్టింది కదా అని ఊరుకుని, ఆ కోపమంతా టీవీ మీద తీర్చుకుంది. సూటు నోట్లో ఎలాంటి మాటలు పెట్టిందంటే, ఆవిరి పట్టించుకుంటున్నావిడ తల బయటికి తీసి మరీ నవ్వింది. మూల కుర్చీ దగ్గర పిచ్చుక మాత్రం తలెత్తలేదు. దారం చిటచిటలాడుతూనే ఉంది.

అందరూ వెళ్లాక పిచ్చుక నేల మీది వెంట్రుకలు ఊడుస్తుంటే పిన్ని అడిగింది. "శుక్రవారం ఏం చేస్తావే?"

"వెళ్తాను."

"నీకు బుద్ధుందా? వాణ్ణి చూస్తే నీకు అసహ్యం వేయట్లేదా?"

"వేస్తుంది" అంది పిచ్చుక, చీపురు ఆపకుండా. "నీకూ ఆ సీరియల్ అంటే అసహ్యమేగా పిన్నీ. రోజూ ఛీ అంటావు. ఒక్క రోజైనా మానేశావా? జ్వరం వచ్చినప్పుడు కూడా దుప్పటి కప్పుకొచ్చి కూర్చున్నావు. అసహ్యం దారి అసహ్యానిదే, ఉండటం దారి ఉండటానిదే. నేనూ లోపల ఛీ అనుకుంటూ ఉండిపోతాను. అలవాటైపోతుంది."

ఇన్నేళ్లూ తను తిడుతున్నానని, కళ్లు తెరిపిస్తున్నానని పిన్ని అనుకుంది. ఈ పిల్ల మూల కూర్చుని నేర్చుకున్నది ఇదన్నమాట. తన మీద తనకే రోత పుట్టింది.

"ఈ రోజుతో మానేస్తాను" అంది చివరికి.

"నీవల్ల కాదు పిన్నీ."

"మానేస్తే?"

పిచ్చుక చీపురు గోడకు ఆనించింది. "నువ్వు మానేసి చూపిస్తే నేనూ వెళ్లను" అంది. అందులో పట్టుదలా లేదు, ఆశా లేదు. కుదరని బేరం అని ముందే తెలిసిన మనిషి అన్నట్టు అంది.

మర్నాడు రెండు గంటలకు టీవీ వెలగలేదు. కుర్చీల్లో వాళ్లు మొదట కరెంటు పోయిందేమో అనుకున్నారు. డ్రయర్లు తిరుగుతున్నాయని గమనించాక, పిన్నికి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు. "మాకు ఆవిరి ఇంట్లో కూడా దొరుకుతుందమ్మా, నీ మాటల కోసం వస్తాం" అని ఒకావిడ మొహం మీదే అనేసి, సగం గోళ్లకు రంగుతోనే లేచిపోయింది. ఫోన్ ఊరికే గిలగిల్లాడింది. ఛీఛీ పిన్ని ఏమైపోయారు, ఇవాళ సూటు ఏడ్చిన ఏడుపుకు మీరు ఏమంటారో అని గ్రూపంతా ఒకటే గోల. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది అరగంట సేపు పెదాలు బిగించుకుని ఒకావిడ మడమలు రుద్దింది. చర్మం లేచిపోతుందేమో అని ఆవిడ కాలు లాక్కుంది. గురువారమూ అలాగే గడిచింది. ఆ సాయంత్రం పిచ్చుక తనవైపు రెండుసార్లు దొంగచూపు చూడటం పిన్ని గమనించింది. ఆ చూపులో ఏదో మొలకెత్తుతోంది, అది చూసి పిన్నికి సంతోషమూ భయమూ రెండూ కలిగాయి.

శుక్రవారం రానే వచ్చింది. ఆ రోజే సీరియల్లో సూటుకూ మెట్ల మీంచి పడిన ఆవిడకూ మళ్లీ పెళ్లి. గ్రూపులో పొద్దున్నుంచి పూల బొమ్మలే. పిన్ని ఒకావిడ జుట్టుకు రంగు పట్టించి, అది ఆరేదాకా ఖాళీ కదా అని వెనక గదిలోకి వెళ్లింది. తువాళ్లు తీసుకురావడానికని తనకు తాను చెప్పుకుంది. తువాళ్ల గుట్ట వెనక నిలబడి ఫోన్ తీసింది. ఎంతకు దిగజారారో ఒక్కసారి చూసి ఆపేస్తాను, ఒక్క నిమిషం, అంతే అనుకుంది. చెవిలో పెట్టుకునేవి తగిలించుకుంది. సూటు పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. కాలు కుంటుతూ ఆవిడ నడిచొస్తోంది, ముసిముసి నవ్వులు నవ్వుతోంది. "ఛీ" అంది పిన్ని తెలియకుండానే, పైకి.

తల తిప్పేసరికి గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. భుజాన ఆ చిన్న సంచీ.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఫోన్ తువాళ్లలోకి దోపింది గాని దాచడానికి ఇంకేం మిగిలింది.

"ఎలా ఉంది పిన్నీ?" అంది పిచ్చుక.

"ఛండాలంగా ఉంది."

"ఊఁ. నాకు తెలుసు." దాని గొంతులో కోపం లేకపోవడమే పిన్నికి ఎక్కువ బాధ అనిపించింది. "వాళ్లొచ్చారు. వెళ్లొస్తాను."

పిన్ని దాని వెనకే పరుగులాంటి నడకతో ముందు గదిలోకి వచ్చింది. "నాకు చేతకాలేదే. నేను ఎందుకూ పనికిరాను, ఒప్పుకుంటాను. అది చూసి నువ్వు నాలా తయారవకు" అంది. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్లు అద్దాల్లోంచి చూస్తున్నారు. పిచ్చుక అద్దాల తలుపు దగ్గర ఆగింది. తలుపుకు అవతల పేవ్‌మెంట్ మీద అక్క, ఇస్త్రీ నిలబడి మాట్లాడుకుంటున్నారు. లోపల డ్రయర్ రొద, వాళ్ల మాట వినపడటం లేదు. ఇస్త్రీ నోరు కదులుతోంది, అక్క తలూపుతోంది.

పిన్ని నోరు ఊరుకోలేదు. కావాలని చేసింది కాదు, కదిలే పెదాలు చూస్తే దాని పని అది చేసుకుపోతుంది. "అత్తయ్యగారూ, ఇల్లంతా కొత్త కర్టెన్లు వేయించాను, చొక్కాలు మాత్రం ఇస్త్రీ చేసేవాళ్లు లేరు" అని గొణిగింది.

ఎవరూ నవ్వలేదు. పిన్ని నాలుక కరుచుకుంది.

"అలా అనడు" అంది పిచ్చుక, తలుపు వైపే చూస్తూ. "ముందు జేబురుమాలు తీస్తాడు."

బయట ఇస్త్రీ జేబులోంచి మడతపెట్టిన రుమాలు తీశాడు.

"కళ్లు తుడుచుకోడు, చేతిలో పట్టుకుంటాడంతే. ఇప్పుడు గుండె మీద చెయ్యి పెట్టుకుంటాడు." ఇస్త్రీ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. రంగు తలావిడ కుర్చీలోంచి ముందుకు వంగింది. డ్రయర్ కింద ఉన్నావిడ తల బయటికి తీసింది. పిచ్చుక గొంతు మారింది, మెత్తగా, తేనె పూసినట్టు. "తప్పంతా నాదే. కాదనను. కాని తను కూడా నన్ను అంతదాకా తేకుండా ఉండాల్సింది." మళ్లీ తన సొంత గొంతుకు వచ్చింది. "తలుపు వేసిన రాత్రి కూడా ఇదే అన్నాడు. నేను ఐసు పెట్టుకుంటుంటే పక్కన కూర్చుని."

అప్పుడే ఇస్త్రీ వీళ్లను చూసి, మొహాన నవ్వు తెచ్చుకుని, తలుపు తోశాడు. ఒక కాలు లోపల పెట్టాడు. సెంటు వాసన గదిలోకి వచ్చింది.

"నమస్కారం పిన్నిగారూ" అని పిచ్చుక వైపు తిరిగాడు. రుమాలు పట్టుకున్న చెయ్యి గుండె మీదే ఉంది. "తప్పంతా నాదే. నేను కాదనను. కాని నువ్వు కూడా నన్ను అంతదాకా..."

"ఛీ" అంది రంగు తలావిడ. పిన్ని కాదు.

ఇస్త్రీ వాక్యం మధ్యలో ఆగిపోయాడు. వెనకనుంచి అక్క, "ఏమైంది, పదవే, ఎండలో ఎంతసేపు" అంటోంది. పిన్ని నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. ఈసారి తను ఒక్క మాట పెట్టినా పాడైపోతుందని ఆమెకు తెలిసింది.

పిచ్చుక సంచీ భుజం మీంచి దించి నేల మీద పెట్టింది.

"కాలు తీయండి" అంది.

"ఏంటి?"

"కాలు తీయండి. తలుపు వేయాలి."

అతను అర్థం కానట్టు తన బూటు వైపు చూసుకున్నాడు. అలవాటు లేని మాట కదా, కాలు దానంతటదే వెనక్కి వెళ్లింది. పిచ్చుక తలుపు మెల్లగా మూసి, ఎవరి వేళ్లూ పడకుండా చూసుకుని, గడియ పెట్టింది. వంకర వేలు గడియ మీంచి తీయలేదు.

అద్దానికి అవతల ఇస్త్రీ నోరు కదుపుతూనే ఉన్నాడు. లోపల ఎవరూ దానికి మాటలు పెట్టలేదు.