పెన్న ఇసుకలో సముద్రపు తాబేలు

కోడి కూసిన కాసేపటికి సోమక్క లేచేది. మొగుణ్ణి గోడకు ఆనించి కూర్చోబెట్టి, మొహం కడిగి, సంగటి ముద్ద మజ్జిగలో పిసికి తినిపించేది. తర్వాత మూలనున్న వెదురుకర్ర తీసుకుని ఊరి పొలిమేర చుట్టి రావడానికి బయలుదేరేది.

ఆ కర్ర మొగుడిది. పని కూడా మొగుడిదే. సుంకన్న ఆ ఊరి తలారి. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు చచ్చినా, హద్దురాయి ఒరిగినా, పక్కూరి గొడ్లు చేలో పడినా చూసి మునసబుకు చెప్పడం తలారి పని. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి అతని కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. ఆ మర్నాటి నుంచే సోమక్క కర్ర పట్టుకుంది. చెయ్యమని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ చేలో గొడ్లు పడ్డాయని ఊరికే చెప్పి వచ్చే మనిషి కాదు. "ఏడు పడినాయి. దాంట్లో రెండు ఎనుములు. ఒకదానికి ఎడమ కొమ్ము లేదు" అని చెప్పేది. కొలవాల్సింది ఉంటే మూరేసి, జానేసి, చివరికి వేళ్లేసి కొలిచేది. చూడనిదాన్ని చూశానని ఒక్కనాడూ అనలేదు. హద్దు తగాదా వస్తే మునసబు పుల్లారెడ్డి కూడా "సోమక్కను పిల్చండి" అనేవాడు.

తలారి పనికి రెండెకరాల మాన్యం ఉంది. పెన్న ఒడ్డున, ఇసుక కలిసిన నేల. ఆ జొన్నలు, కొర్రలే వాళ్లిద్దరి తిండి. పిల్లల్లేరు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఎండలు ముదరక ముందే ఒక మాట ఊళ్లో తిరిగింది. ఈసారి జమాబందీలో తాసిల్దారు ఊరి లెక్కలు సరిచూసేటప్పుడు, లేవలేని సుంకన్న పేరు కొట్టేసి పుల్లారెడ్డి సేద్యగాడి తమ్ముడి పేరు రాస్తారని. పేరుతోపాటే మాన్యమూ పోతుంది. ఆడమనిషిని తలారిగా రాసే పద్ధతి ఎక్కడా లేదు. సోమక్క ఆ మాట విన్నది. మర్నాడు యథాప్రకారం పొలిమేర తిరగడానికి వెళ్లింది.

ఆ పొద్దే తాబేలు కనబడింది.

ఏరంతా ఇసుకే అప్పుడు. ఆడవాళ్లు ఇసుకలో చెలమలు తవ్వుకుని ఊరిన నీళ్లు ముంతలతో తోడుకుంటున్నారు. చెలమలకు అల్లంత దూరంలో, బోర్లించిన గంగాళం లాగా పడుంది. పచ్చటి బూడిదరంగు డిప్ప మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. ముందరి ఎడమకాలు తాడు కోసుకుని తెగి ఉంది. కళ్లు మూసుకుపోయాయి. సోమక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మెడ కింద వేళ్లు పెట్టి చూసింది. చనిపోయింది.

మద్రాసు హార్బరులో నాలుగేళ్లు రాళ్లు మోసి వచ్చిన ఏసేపు చూసి, "ఇది సముద్రం తాబేలక్కా" అన్నాడు. "చెరువు తాబేలుకు కాళ్లకు గోళ్లుంటాయి. దీనికి చూడు, కాళ్లు చాటల మాదిరి ఉండాయి."

పెన్న సముద్రంలో కలిసే చోటు అక్కడికి నూరు మైళ్ల పైమాటే. దారంతా ఎండిన ఇసుక. "అబ్బ, శానా దూరం వచ్చింది పాపం" అన్నారు ఆడవాళ్లు. కడవలు ఎత్తుకుని పక్కగా తప్పుకుని పోయారు.

సోమక్క ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని తాబేలును కొలిచింది. వెళ్లి మునసబు అరుగు ముందు నిలబడి చెప్పింది.

పుల్లారెడ్డి చావుల పుస్తకం తీసి చూశాడు. మనుషులకు ఒక వరుస ఉంది, గొడ్లకు ఒక వరుస ఉంది. "దీంట్లో తాబేలుకు చోటు లేదే. ఏట్లో పడిందేదైనా సర్కారుది. కమలాపురంలో చెప్పల్ల. వారం దినాల్లో నేను పోయేది ఉండాది, అప్పుడు చెప్తాలే."

"వారానికి కుక్కలు పీకేస్తాయి కదయ్యా."

"అయితే నువ్వే పో" అన్నాడు పుల్లారెడ్డి, పోదులే అనుకుని.

కమలాపురం తొమ్మిది మైళ్లు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆమె తాలూకా కచేరీ మెట్ల దగ్గర ఉంది. గుమాస్తా కేశవయ్య కళ్లజోడు పైనుంచి చూశాడు.

"ఏంది సంగతి?"

"మా ఊరి ఏట్లో సముద్రం తాబేలు చచ్చిపడింది సామీ. చెప్పిపోదామని వచ్చినా."

కేశవయ్య కాగితం తీశాడు. "యాడ?"

"రేవు గుండు కాడ్నుంచి పడమటికి నలభై బారలు. చెలమలకు ఉత్తరం పక్క."

"ఎంత పొడుగు?"

"డిప్ప మూరా జానెడు. తలా తోకా కలిపితే రెండు మూరలకు బెత్తెడు తక్కువ. డిప్ప నడిమి వరసలో ఏడు పలకలు. ముందరి ఎడమకాలికి నాలుగు వేళ్ల లోతు తాడు కోత. వాసన లేదు. ఈ పొద్దు తెల్లారి చూసినా, నిన్న తెల్లారి ఆడ లేదు."

కేశవయ్య కలం ఆపి ఆమె వైపు చూశాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఇన్ని సంగతులు అడక్కుండా చెప్పిన మనిషి అతనికి తగల్లేదు. "తలారి పేరు?"

సోమక్క మొగుడి పేరు నోటితో చెప్పదు. "మా సుంకులమ్మ తల్లి పేరే పెట్టినారు సామీ."

"సుంకన్నా? సరే. చూసిందెవరు?"

"నేనే."

"అయితే నీ పేరే రాయల్ల" అని కేశవయ్య రాసుకున్నాడు. సమాచారం ఇచ్చినవారు, సోమక్క. "కర్నూలుకు రాస్తాను. చేపల శాఖ ఆఫీసరు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు."

మర్నాడు పొద్దున తాబేలు ఆ చోట లేదు. డెబ్బై బారలు పడమటికి ఉంది. చచ్చే ఉంది. కళ్లు మూసే ఉన్నాయి. వెనక ఇసుకలో మాత్రం బండిచక్రం పోయినట్టు జాడ పడింది.

ఊళ్లో కాన్పులు చేసే మహాదేవమ్మ వచ్చి, కింద చెయ్యి పెట్టి పొట్ట తడిమింది. "కడుపుతో ఉండాదే ఇది. ఇంగ ఆగుతుందా? పోతాంది." అందరూ తలూపారు. చాకలోళ్లు దాని దారిలో ఆరేసిన బట్టలు తీసి అవతలికి మార్చుకున్నారు. ఏరు దాటుతున్న బండిని తోలేవాడు ఎద్దుల్ని ఆపి, అది దాటిపోయేదాకా బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. అది పోవడం కంటికి ఆనదు. చూపు మరల్చి మళ్లీ చూస్తే జానెడు ముందుంటుంది, అంతే.

సోమక్క ఇంటికొచ్చి సుంకన్నకు నీళ్లు పెట్టి కర్ర తీసుకుంది.

"మళ్లీ యాడికే?"

"కమలాపురం."

"నిన్న చెప్పి వస్తివి కదా!"

"నిన్న చెప్పిన చోట ఈ పొద్దు లేదు. ఆ కాగితంలో ఉండేది అబద్ధమైపోయె. మార్పించి వస్తా."

ఆ పొద్దు తొమ్మిది మైళ్లు పోయింది, తొమ్మిది మైళ్లు వచ్చింది. ఆ తర్వాతి పొద్దూ అంతే. నాలుగు దినాలు అట్లా నడిచింది. కాలి మడమలు పగిలి నెత్తురు కారితే ఆముదం రాసి గుడ్డ చుట్టుకుంది. కేశవయ్య మూడో దినం నుంచి మెట్ల దగ్గర ఆమె కోసం ముంతలో నీళ్లు పెట్టించాడు. పై గుమాస్తాలు కూడా కుర్చీల్లోంచి మెడలు చాచి వినేవారు. "డెబ్బై, అరవై రెండు, యాభై. తగ్గిపోతాంది సామీ, అలిసిపోయింది. ఏటి నడిమి నుంచి మన ఒడ్డు పక్కకు తిరిగింది."

ఐదో దినం జీపు వచ్చింది. కర్నూలు నుంచి చేపల శాఖ ఆఫీసరు, ఆయన వెంట తాసిల్దారు, కేశవయ్య. ఊరంతా ఒడ్డున చేరింది. సోమక్క ముందు నడిచి, తాబేలు ముందు ఆగింది. ఆఫీసరు మెడలోంచి టేపు తీసి కొలిచి, కేశవయ్య రాసిన కాగితాలతో సరిచూసుకున్నాడు. తాడు కోత కొలిచాడు. పలకలు లెక్కపెట్టాడు. గుండె దగ్గర గొట్టం పెట్టి శానాసేపు విన్నాడు.

"చనిపోయి ఆరు రోజులు దాటింది. సందేహం లేదు" అన్నాడు. తర్వాత తాసిల్దారు వైపు తిరిగి, "కొలతల్లో వేలెడు తేడా కూడా లేదండీ. ఈమె ఏ ట్రైనింగు పొందింది?" అన్నాడు.

తాసిల్దారు కేశవయ్య వైపు తిరిగాడు.

ఆలోపల తాబేలు ఒడ్డెక్కింది. అందరూ చూస్తుండగానే ఎక్కింది. తంగేడు పొదల మధ్యగా పోయి, కంచె సందులోంచి దూరి, తలారి మాన్యంలో నైరుతి మూలకు చేరింది. వెనక కాళ్లతో ఇసుకనేల తోడడం మొదలుపెట్టింది. మోచేతి లోతు గుంట అయ్యాక గుడ్లు పెట్టింది. నిమ్మకాయలంత గుడ్లు, తెల్లనివి, గుండ్రనివి. ఊరకుక్క ఒకటి దగ్గరికి వస్తే పుల్లారెడ్డే భుజం మీది తువ్వాలు తీసి తోలాడు. సోమక్క గుంట పక్కన కూర్చుని లెక్కపెట్టింది.

"నూట పన్నెండు" అంది చివరికి.

తాబేలు ఇసుక కప్పేసింది. ఆ తర్వాత కదల్లేదు. సాయంత్రానికి అన్ని పీనుగుల్లాగే వాసన రావడం మొదలైంది. ఏసేపు, ఇంకో ఇద్దరు కలిసి అక్కడికి పది అడుగుల దూరంలో దాన్ని పూడ్చిపెట్టారు. మహాదేవమ్మ పసుపు నీళ్లు చల్లింది.

జీపు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని తాసిల్దారు అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. గుడ్లు పగిలేదాకా ఆ భూమిని వేరే పేరుకు మార్చరాదు, గుడ్లున్న మూల దున్నరాదు, మిగతాది సోమక్క సాగు చేసుకోవచ్చు, కావలి సోమక్కదే. ఆఫీసరు, "యాభై అరవై రోజులండీ, అంతే" అన్నాడు.

పుల్లారెడ్డి మీసం సవరించుకుని, "అరవై దినాలే కదా, చూద్దాం" అన్నాడు. సేద్యగాడి తమ్ముడు కూడా సరేనన్నాడు.

అరవై దినాలు గడిచాయి. గుడ్లు పగల్లేదు. ఏడాది గడిచింది. పగల్లేదు. సోమక్క ప్రతి అమావాస్యకూ ఇసుక మెల్లగా తీసి అరచెయ్యి పెట్టి చూసేది. వెచ్చగా ఉండేవి. ప్రతి జమాబందీకీ కచేరీకి పోయి నిలబడేది. "నూట పన్నెండు ఉండాయి సామీ. వెచ్చగ ఉండాయి" అనేది. ఎవరూ ఆమెను ఇంకో ప్రశ్న అడగలేదు. ఆమె చెప్పిందంటే అంతే. రెండో ఏడు సేద్యగాడి తమ్ముడు ఎదురుచూడలేక నందికొట్కూరు పక్క బావమరిది ఇంటికి సేద్యానికి పోయాడు. తలారి పని సోమక్కే చేస్తూ వచ్చింది. పుస్తకంలో సుంకన్న పేరే ఉండిపోయింది.

ఐదో ఏడు కార్తీకంలో పెన్న వచ్చింది. ఒడ్డు నిండా, ఎర్రగా, నురగలు కక్కుకుంటూ వచ్చింది. ఆ పొద్దున సోమక్క మాన్యానికి పోయేసరికి నైరుతి మూల ఇసుక ఉడుకుతున్నట్టు కదులుతోంది. రూపాయి బిళ్లంత పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ బయటికి వచ్చి, కంచె సందులోంచి ఏటివైపు బారు కట్టాయి. ఆమె పక్కన నడుస్తూ లెక్కపెట్టింది. కాకులు దిగబోతే కర్ర ఝళిపించింది. చివరిది నీళ్లలో పడి తూర్పుకు కొట్టుకుపోయేదాకా చూసి, గుంట దగ్గరికి తిరిగొచ్చి చెయ్యి పెట్టి చూసింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. సుంకన్న ఎడమచెయ్యి చాచి ఆమె కొంగు పట్టుకున్నాడు.

"ఎవురు చూసినారే? ఇసుక కప్పెయ్. ఎప్పటి మాదిరే ఉండాయని చెప్పు. నిన్ను కాదనే మొగోడు తాలూకాలో లేడు."

సోమక్క కొంగు విడిపించుకుంది. ఆ పూట అన్నం తినలేదు. పొయ్యి ముందు కూర్చుని చేతులు చూసుకుంది. ఆయన చెప్పింది నిజమే, ఎవరూ కాదనరు. ఎవరూ కాదనరు కాబట్టే ఆ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాదు. మధ్యాహ్నం దాటాక లేచి కర్ర తీసుకుంది. సుంకన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కచేరీలో తాసిల్దారు కొత్తాయన. కేశవయ్య జుట్టు తెల్లబడింది.

"పగిలినాయి సామీ" అంది సోమక్క.

కేశవయ్య లేచి నిలబడ్డాడు. ఆ మాటతో మాన్యం పోతుందని తెలిసే ఆమె చెబుతోందని అతనికి తెలుసు. కొత్త తాసిల్దారు మాత్రం పాత కట్ట తెప్పించి, దారం విప్పి, "సరే, అయితే ఇది ముగిసినట్టే. భూమి కొత్త తలారి పేరుకు మారుద్దాం" అని కలం తీశాడు. "ఎన్ని పగిలాయి?"

"నూట పదకొండు. అన్నీ ఏట్లోకి పోయినాయి."

"మొత్తం?"

"నూట పన్నెండు సామీ. ఒకటి అట్లనే ఉండాది. వెచ్చగ ఉండాది. చెవి పెట్టి విన్నా, లోపల కదులుతాంది."

కేశవయ్య కట్టలోంచి ఉత్తర్వు తీసి, కళ్లజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని చదివాడు. "గుడ్లు అన్నియును పగులువరకు సదరు భూమిని ఎవరి పేరను మార్చరాదు." చదివి ఆగాడు. "అన్నియును అని ఉందండి" అన్నాడు మళ్లీ.

తాసిల్దారు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చూసుకున్నాడు. పగిలిన మడమలతో నిలబడ్డ ఆ మనిషిని చూశాడు. "అమ్మా, ఈ ఒక్కటీ నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు. పగిలినవీ నువ్వు చెప్పకుంటే తెలిసేవి కావు" అన్నాడు.

"ఉండేది చెప్పినా సామీ."

ఆయన కలానికి మూత పెట్టాడు. కట్ట మళ్లీ కట్టి కేశవయ్యకు ఇచ్చి, "లోపల పెట్టండి. ఆమెకు మజ్జిగ తెప్పించండి" అన్నాడు.

సోమక్క ఇల్లు చేరేసరికి బాగా రాత్రయింది. సుంకన్న ఇంకా గోడవైపే తిరిగి ఉన్నాడు.

"పోయిందా?" అన్నాడు అట్లాగే.

"లేదు. ఒకటుంది కదా, అది పగిలేదాకా మనదే." ఆమె గడప మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. "పదును ఆరకముందే రేపు జొన్న ఎయ్యల్ల. ఆ మూల వదిలిపెట్టి."